పిడుగు ఫోను

చెట్టు మీద ఉన్న మనిషిని కింద నుంచి కేకేసి పిలవకూడదు. ఆగిరిపల్లి చుట్టుపక్కల మామిడి కోతకు వెళ్ళే ఏ ఇంట్లోనైనా పిల్లలకు మాటలు వచ్చీరాగానే నేర్పే సంగతి ఇది. పిలిస్తే తల తిప్పుతాడు, తిప్పితే కాలు జారుతుంది. మరీ అవసరమైతే మాను మీద కర్రతో రెండు దెబ్బలు కొడతారు. ఆ అదురు కాళ్ళకు తెలిసి, పైనున్నవాడు ముందు కొమ్మ గట్టిగా పట్టుకుని, ఆ తర్వాత కిందికి చూస్తాడు.

చందుకు ఇది తెలియక కాదు. ఎనిమిదేళ్ళప్పుడు, మూడో తరగతిలో ఫస్టు వచ్చానని చెప్పడానికి తోటలోకి పరిగెత్తుకొచ్చి, సంతోషంలో ఒళ్ళు మరిచి "నాన్నా!" అని అరిచాడు. పెద్దరసం చెట్టు మీదున్న నరసింహులు ఇటు తిరిగాడు. ఆ పడటం పడటం తుంటి ఎముక విరిగి మళ్ళీ చెట్టెక్కలేదు. పోయేదాకా చేతికర్రతోనే నడిచాడు. కొడుకుని మాత్రం ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు, మహానుభావుడు. నాలుగు తిట్టినా బావుండేది. తిట్టకపోబట్టే ఇరవై ఏళ్ళయినా ఆ కేక చందుని వదల్లేదు.

అలాంటి చందు పెద్దయి చేసిన ఉద్యోగం ఏంటనుకున్నారు? తోటల్లో ఉన్నవాళ్ళకి ఫోన్లు చేయించే ఉద్యోగం. నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

నూజివీడులో ఎరువుల కొట్టు పైన రెండు గదుల ఆఫీసు అది. యజమాని కృష్ణకాంత్ వారానికోసారి విజయవాడ నుంచి వచ్చి పోతుంటాడు, మిగతా రోజులన్నీ చందుదే రాజ్యం. పిడుగుల మబ్బు ఎటు కదులుతోందో సమాచారం తెప్పించుకుని, ఆ దారిలో ఉన్న తోటలకు అరగంట ముందు ఫోన్ చేసి చెప్పడం వాళ్ళ పని. ఫోన్లు మనుషులు చెయ్యరు, సర్వర్లు చేస్తాయి. సర్వర్ అంటే మరేం కాదు, ఎక్కడో దూరాన పెద్ద గోడౌన్‌లో ఉండి, అద్దెకు దొరికే కంప్యూటర్. ఫోను మేస్త్రులకీ, కింద కాయలు ఏరే ఆడవాళ్ళకీ వస్తుంది. వాళ్ళు మానుల మీద కొట్టి పైవాళ్ళని దించుతారు. కిందటి వేసవిలో విస్సన్నపేట దగ్గర ఒక తోటలో పద్నాలుగు మంది ఈ ఫోను విని దిగి ఇళ్ళకు పోయారు. పావుగంటకి వాళ్ళెక్కిన చెట్లలో ఒకటి నిలువునా చీలింది. ఇక చూడండి, ఆ తర్వాత 'పిడుగు ఫోను' అంటే జనానికి గుళ్ళో మాట కింద లెక్క.

ఆ జనంలో అందరికంటే ముందుండేది చందు చెల్లెలు శ్రావణి, ఆమె మొగుడు వినోద్. అమ్మానాన్నలు పోయాక చందుకి మిగిలింది ఆ చెల్లెలు ఒక్కతే. పెళ్ళి కూడా చేసుకోలేదు, అడిగితే "చూద్దాంలే" అంటాడు. వారంలో నాలుగు రోజులు భోజనం చెల్లెలింట్లోనే. చందూ వినోదూ ఒకరినొకరు "బావా" అని పిలుచుకునేవాళ్ళు, ఆ పిలుపులో సగం వేళాకోళం. వినోద్ చెట్టెక్కితే ఆ చుట్టుపక్కల ఎవడూ పోటీకి రాడు. కాయలు దించే వల కట్టిన చిక్కం కర్ర అందని చిటారు కొమ్మ కాయ కూడా, ఒక్కటి కింద పడకుండా దించుతాడు. కూలీలందరి దగ్గరా "మా బావ కంప్యూటర్‌లో మబ్బుని పట్టేస్తాడు" అని కోతలు కోసేవాడు. వాళ్ళిద్దరి మధ్యా మాటా మాటా నడుస్తుంటే శ్రావణి అన్నం పెడుతూ నవ్వేది. చందుకి ఈ లోకంలో ఉన్న ఇల్లు అదే.

ఈ ఏడు చిక్కొచ్చి పడింది. నమ్మకం పెరిగేకొద్దీ ఫోన్ల లెక్క ఇరవై వేలు దాటింది. మబ్బు పట్టినప్పుడు అందరికీ ఒక్కసారే చేరాలి, అది ఒకటి రెండు సర్వర్లతో అయ్యే పని కాదు. అప్పటికప్పుడు పది లేవాలి. ఒక్కొక్కదాన్ని చేత్తో సిద్ధం చేయడానికి చందుకి పూట పడుతుంది. మబ్బు పూట ఆగుతుందా?

అందుకని ఇమేజ్ తయారు చేయమన్నాడు కృష్ణకాంత్. ఒక కంప్యూటర్‌ని మొదటి నుంచీ మనకు కావలసినట్టు తీర్చి, అక్కర్లేనివన్నీ పీకేసి, అది ఎలా ఉందో అలా అచ్చు తీసి పెట్టుకోవడం అన్నమాట. కావాలన్నప్పుడు ఆ అచ్చులోంచి పది కంప్యూటర్లు, ఇరవై కంప్యూటర్లు, అన్నీ ఒకే పోలికతో నాలుగు నిమిషాల్లో లేస్తాయి. భోజనాల దగ్గర చందు ఇదంతా విడమరచి చెబితే వినోద్ ముద్ద కలుపుతూ ఆలకించి, "నాకు పిల్లనిచ్చిన ఇంట్లో ఇంజనీరున్నాడని గొప్పగా చెప్పుకుంటున్నాను, ఇడ్లీరేకు చేస్తున్నావా బావా?" అన్నాడు. శ్రావణికి పొలమారింది. చందు కూడా నవ్వాపుకోలేకపోయాడు.

ఇడ్లీరేకే, కానీ దాన్ని తోమడంలో ఉంది కష్టమంతా. అచ్చు తీసే ముందు ఆ కంప్యూటర్‌కి తనదంటూ ఏమీ మిగలకూడదు. దాని పేరు, పాస్‌వర్డుల్లాంటి తాళాలు, పాత చిట్టాలు అన్నీ తుడిచేయాలి. లేకపోతే పుట్టిన ప్రతి సర్వరూ నేనే ఆ మొదటిదాన్ననుకుని గందరగోళం చేస్తుంది. "రేపు ఒరిస్సా వాళ్ళడిగినా, బంగ్లాదేశ్ వాళ్ళడిగినా ఇదే ఇవ్వాలి చందూ. మన ఊరి వాసన కూడా ఉండకూడదు" అన్నాడు కృష్ణకాంత్. చందు శుభ్రంగా తుడిచాడు. ఊరి వాసనతో పాటు ఊరి గడియారాన్ని కూడా తుడిచాడు. అది తప్పు కాదు, అలాగే చెయ్యాలి. లేచిన సర్వర్‌కి మొదటి నిమిషంలోనే పేరు, తాళం, గడియారం కొత్తగా చెప్పే కాగితం ఒకటి రాసిపెట్టాలి. పేరు రాశాడు. తాళం రాశాడు. అంతలో కరెంటు పోయింది.

కరెంటు వచ్చాక గడియారం కూడా రాశాననుకున్నాడు. అంతే. ఇంకేదో పెద్ద కారణం ఉందనుకునేరు, ఏమీ లేదు. పాత సర్వర్లకి చేత్తో పెట్టి పెట్టి, అది పెట్టడం అన్నం తిన్నాక చెయ్యి కడుక్కోవడం లాంటిదైపోయింది, గుర్తుంచుకునే పని కాదు.

గడియారం చెప్పకపోతే సర్వర్ మనకంటే అయిదున్నర గంటలు వెనకున్న ఇంగ్లండు గ్రీనిచ్ గడియారాన్ని పట్టుకుంటుంది. ఫోన్లకేమో నిద్రవేళ అని ఒక నియమం ఉంది. రాత్రి తొమ్మిది నుంచి తెల్లారి అయిదు దాకా ఎవరికీ ఫోన్ చెయ్యకూడదు, ఆ వేళ తోటలో చెట్టెక్కేవాడు ఉండడు కనక. ఇప్పుడు ఆ సర్వర్‌కి తెల్లారి అయిదు అంటే మనకి పొద్దున పదిన్నర. అంటే అర్ధరాత్రి రెండున్నర నుంచి పొద్దున పదిన్నర దాకా అది లోకమంతా నిద్రపోతోందనుకుంటుంది. మామిడి కోత సరిగ్గా ఆ పొద్దుటి వేళే.

పరీక్ష చెయ్యలేదా అంటారా? చేశాడండీ, వారం రోజులు చేశాడు. రోజూ పదకొండు దాటాక, కోత దిగి అందరూ నీడన చేరాక, వినోద్‌కీ శ్రావణికీ మేస్త్రి యలమందకీ ఫోన్లు మోగించాడు. ప్రతిసారీ మోగాయి. పొద్దున పూట మాత్రం చెయ్యలేదు. చెట్టు మీద మనిషి ఉండగా కింద ఉత్తి పుణ్యానికి ఫోన్ మోగి, ఎవరో ఒకరు ఉలిక్కిపడి పైకి కేకేస్తే? ఆ ఆలోచన రాగానే చందు మీట మీంచి చెయ్యి తీసేసేవాడు. పోనీ తన ఒక్కడి ఫోనుకైనా పొద్దున్నే చేసుకుని చూడొచ్చుగా? చూడొచ్చు. ఆ బుద్ధి పుట్టలేదు. కోత వేళ ఫోన్ చెయ్యకూడదు అన్నది అతని ఎముకల్లోకి ఇంకిపోయింది.

ఆ నెలలో వచ్చిన వానలన్నీ మధ్యాహ్నం తర్వాతే వచ్చాయి, ఫోన్లన్నీ వేళకి వెళ్ళాయి. ఒక్క యలమంద మాత్రం ఒకరోజు సైకిలాపి, "ఏంరా చందూ, రాత్రి పదకొండింటికి లేపి పిడుగులంటున్నావు? ముసలాణ్ణి పడుకోనివ్వవా?" అన్నాడు. చందు నవ్వి, "కలొచ్చుంటుంది పెదనాన్నా, రాత్రిళ్ళు ఫోన్లు వెళ్ళవు" అన్నాడు. ఎందుకైనా మంచిది చూద్దాం అనుకున్నాడు కూడా. ఆఫీసుకెళ్ళేసరికి కృష్ణకాంత్ వచ్చి ఉన్నాడు, ఇమేజ్ బ్రహ్మాండంగా ఉందని భుజం తట్టాడు. ఆ పొగడ్తలో యలమంద మాట కొట్టుకుపోయింది.

మే నెల రెండో వారంలో గురువారం నాడు పొద్దున ఎనిమిదిన్నరకే ఉక్క మొదలైంది. తొమ్మిది కాకుండానే విస్సన్నపేట వైపు నుంచి మబ్బు లేచింది. చందు ఆఫీసులో తెర ముందు కూర్చుని ఉన్నాడు. మబ్బు కబురు అందగానే సర్వర్లు లేవడం మొదలుపెట్టాయి. ఒకటి, మూడు, ఏడు, పది. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. తన చేత్తో చేసిన అచ్చులోంచి పదీ ఆకుపచ్చ దీపాలతో వరసగా నిలబడితే, ఆ కుర్చీలోనే ఒక్క గెంతు గెంతాడు. కృష్ణకాంత్‌కి ఫోన్ చేసి, "సార్, పదీ లేచాయండీ! ఒక్కటి కూడా మొరాయించలేదు!" అన్నాడు. ఆ పది సర్వర్లూ ఇరవై వేల ఫోన్లని పట్టుకుని, ఇంకా తెల్లారలేదని చేతులు కట్టుకు కూర్చున్నాయి. చందు దీపాలు చూసి మురిసిపోయాడే గానీ, ఫోన్లు వెళ్ళాయా లేదా అన్న లెక్క వైపు కన్నెత్తి చూడలేదు.

తొమ్మిదీ ముప్పావుకి యలమంద ఫోన్ చేశాడు. "చందూ, నారాయణరావు గారి తోటకి రా నాయనా. తొందరగా రా" అన్నాడు. ఆ వారం వినోద్ వాళ్ళ కోత ఆ తోటలోనే. యలమంద ఇంకేం చెప్పలేదు. చెప్పనక్కర్లేని గొంతు అది.

బండి మీద ఎలా వచ్చాడో అతనికే తెలీదు. అప్పటికి వాన వెలిసి ఎండ కాస్తోంది, దిక్కుమాలిన ఎండ. చినరసం చెట్టు కింద వినోద్‌ని గోనెపట్టా మీద పడుకోబెట్టారు. ఎడమ భుజం మీద చొక్కా మాడింది తప్ప నిద్రపోతున్నట్టే ఉన్నాడు. శ్రావణి అతని తల ఒళ్ళో పెట్టుకుని, జుట్టులోంచి తడి ఆకులు ఏరుతోంది. ఏడవడం లేదు. అన్నని చూసింది గానీ చూసినట్టు లేదు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఘొల్లుమంటున్నారు. చందు వెళ్ళి బావ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "బావా" అన్నాడు.

అలా ఎంతసేపు కూర్చున్నాడో. ఉన్నట్టుండి తోటంతా ఫోన్లు మోగాయి. ఆడవాళ్ళ బొడ్లో ఉన్నవి, కొమ్మలకి తగిలించిన సంచుల్లో ఉన్నవి, యలమంద జేబులోది, అన్నీ ఒక్కసారే. ఎవరో అదిరిపోయి మీట నొక్కారు, ఇంకెవరో నొక్కారు. "అయ్యా, అమ్మా, మీ వైపు పిడుగుల మబ్బు వస్తోంది. చెట్లు దిగండి. చెట్ల కింద ఉండకండి. చెట్లు దిగండి." ఆ గొంతు చందుది. పరాయి గొంతైతే జనం పట్టించుకోరని, మన యాసలో మనవాడి మాటైతే వింటారని, పట్టుబట్టి తనే రికార్డు చేసిన మాటలు. నాలుగైదు ఫోన్లలోంచి కాస్త వెనకా ముందుగా అవే మాటలు వస్తుంటే, శ్రావణి చేతిలో ఆకులు అలాగే ఆగిపోయాయి.

చందు టైము చూశాడు. పదిన్నర. సరిగ్గా పదిన్నర, ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు. అయిదున్నర గంటల లెక్క మనసులో గిర్రున తిరిగి ఆగింది, యలమంద అన్న రాత్రి పదకొండు కూడా దాని పక్కనే వచ్చి నిలబడింది. ఎవరూ చెప్పకుండానే అంతా తెలిసిపోయింది.

"టవర్లు పాడుగాను! ఇప్పుడా మోగేది? చచ్చాకా చెప్పేది?" అని ఆడవాళ్ళు శాపనార్థాలు పెట్టారు. అందరూ ఆ మాటే పట్టుకున్నారు. సాయంత్రం కృష్ణకాంత్ కూడా ఫోన్లో, "చందూ, జరిగిందేదో జరిగిపోయింది. నువ్వు నోరు మెదపకు. టవర్ తప్పని వాళ్ళే అంటున్నారుగా, అననీ" అన్నాడు. చందు ఫోన్ పెట్టేశాడు. అంతకు ముందే ఆఫీసుకెళ్ళి, గడియారం గురించి రాయని ఆ ఒక్క వరసా రాసి, అచ్చు మళ్ళీ తీసి వచ్చాడు. ఆ వరస రాయడానికి ఇరవై సెకన్లు పట్టింది.

కర్మ అయ్యేదాకా పదకొండు రోజులూ చెల్లెలింట్లోనే ఉన్నాడు. వచ్చేవాళ్ళకి నీళ్ళిచ్చాడు, కుర్చీలు వేశాడు, వడ్డన చేశాడు. మనిషి నడుస్తున్నాడే గానీ లోపల తేలు కుడుతూనే ఉంది. చెప్పకపోతే చెల్లెలు దక్కుతుంది. చెబితే ఏమవుతుందో తెలీదు. ఆమె కూడా పోతే అతనికి ఈ భూమ్మీద నా అన్నవాళ్ళు లేరు. "ఊరుకో, ఎవరడిగారు నిన్ను?" అని తనకి తనే వెయ్యిసార్లు చెప్పుకున్నాడు. తీరా అన్నం పెడుతూ శ్రావణి, "నువ్వు తిన్నావా అన్నయ్యా?" అని అడిగినప్పుడల్లా ఆ ముద్ద కంచంలోనే వదిలేసేవాడు. ఆ ప్రేమ దొంగతనంగా తింటున్నట్టు ఉండేది.

చుట్టాలంతా వెళ్ళిపోయిన మర్నాడు మధ్యాహ్నం శ్రావణి నట్టింట్లో కూర్చుని వినోద్ చొక్కాలు మడత పెడుతోంది. అన్నిటి మీదా మామిడి సొన మరకలే. చందు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"శ్రావణీ, ఒక మాట చెప్పాలమ్మా. ఆ రోజు ఫోను రాకపోవడం టవర్ తప్పు కాదు. నా తప్పు. కొత్త సర్వర్లకి మన గడియారం పెట్టడం మర్చిపోయాను. పొద్దున్నని రాత్రనుకుని అవి ఫోన్లు ఆపేశాయి. యలమంద పెదనాన్న ముందే చెప్పాడు, నేను నవ్వి ఊరుకున్నాను. బావని నేనే చంపేశానమ్మా."

శ్రావణి చేతిలో చొక్కా మడత మధ్యలో ఆగింది. చందు ఆమె మొహం వైపు చూడలేక ఆ మరకలే చూస్తున్నాడు.

"మబ్బు ఎన్నింటికి పట్టిందో తెలుసా నీకు?" అంది. "తొమ్మిది కాలేదింకా. నేనే చూశాను. కాటుకలా వస్తోంది. కర్ర తీసుకుని మాను మీద కొట్టాను. ఆయన కిందికి చూశాడు. మబ్బు పట్టిందయ్యా, దిగు అన్నాను. నవ్వాడన్నయ్యా. 'బావ ఫోను రాందే నీకెందుకే కంగారు? మనం పైనుంటే మా బావ ఊరుకుంటాడా?' అన్నాడు. మళ్ళీ కొట్టాను. ఈ కొమ్మ అయిపోనీ అన్నాడు. ఇంక నేనూ కొట్టలేదు. నిజమేలే, అన్నయ్య ఫోను రాలేదు కదా అనుకున్నాను. బిందె తీసుకుని నీళ్ళకి కాలవ దగ్గరికి పోయాను."

చందు తలెత్తి ఆమె వైపు చూశాడు.

"ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు నేను. మా అత్తక్కూడా చెప్పలేదు. నీ చెవిన పడితే నువ్వు తట్టుకోలేవని. టవర్ చేసిన పాపానికి నిన్నెందుకు ఏడిపించడం అని, పదకొండు రోజులు కడుపులో పెట్టుకున్నాను."

"తిట్టవే. కొట్టు. చెప్పుచ్చుకు కొట్టవే నన్ను" అని చందు ఆమె చేతులు పట్టుకోబోయాడు. ఆమె చేతులు వెనక్కి తీసుకుంది.

"కొడితే నీకు తేలికవుతుంది. నాకేమవుతుంది?" అంది. అప్పుడు వచ్చింది ఆమెకి ఏడుపు. పదకొండు రోజులుగా రానిది ఒక్కసారి వచ్చింది, ఆ చొక్కాలో మొహం దాచుకుని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. చందు పక్కనే ఉండి ముట్టుకోలేకపోయాడు. కాసేపటికి ఆమే కళ్ళు తుడుచుకుని, గోడకి జారగిలబడి మాట్లాడింది.

"నీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను. కోపం తగ్గుతుందేమో, మనిషికి మనిషి తప్ప ఎవరున్నారు? కానీ అన్నయ్యా, ఆ పదిన్నరకి ఆయన తల నా ఒళ్ళో ఉండగా నా బొడ్లో ఫోను మోగింది. నువ్వే. చెట్లు దిగండి, చెట్లు దిగండి అని. ఆయన్ని ఒళ్ళో పెట్టుకుని నేనది మొత్తం విన్నాను. ఇప్పుడు నువ్వేం మాట్లాడినా నాకు అదే వినపడుతోంది. తిన్నావా అన్నా, పడుకో అన్నా, అదే. రావద్దని అనను, నాకున్నది నువ్వొక్కడివే. ఎప్పుడొచ్చినా అన్నం పెడతాను. వచ్చి తిని పో. నాతో మాట్లాడకు. నీ గొంతు నేను వినలేను."

ఎన్నాళ్ళమ్మా అని అడగబోయి చందు నోరు తెరిచాడు. శ్రావణి రెండు చేతులతో చెవులు మూసుకుంది.

చందు నోరు మూశాడు. సరేనని కూడా అనలేదు. చెల్లెలికి కనపడేట్టు తల ఊపి, లేచి, చెప్పులు వేసుకుని బయటికి వచ్చాడు.